పానా ఎవరిది?

మా అమ్మ ఏడు నెలలపాటు కారే కుళాయి కింద గిన్నె పెట్టుకుని నెట్టుకొచ్చింది.

గురజాల దగ్గర మా ఊళ్ళో, నాన్న పోయాక ఆమె ఒక్కతే ఉంటోంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాను. వంటింటి కుళాయి మూతికి పాత చీరపీలిక కట్టి, చప్పుడు రాకుండా దాని కొసని గిన్నెలోకి వదిలింది. గిన్నె పొర్లకుండా రాత్రి రెండుసార్లు లేచి బకెట్లో వంపుకుంటోంది. ఫ్లోరైడు నీళ్ళు తాగి మోకాళ్ళు పట్టేసిన మనిషి. ప్లంబర్ని పిలవొచ్చుగదమ్మా అంటే, "మగదిక్కు లేని ఇంట్లోకి ఎవడో వచ్చి గంటసేపు ఉంటే ఊరు ఊరుకుంటదా అమ్మాయ్! మీ బాబాయి ఉన్నప్పుడు పిలుద్దామని ఆగా" అంది. బాబాయికి పత్తి అయ్యాక మిరప. ఏడు నెలల్లో ఒక్క గంట తీరిక దొరకలేదు.

నేను నరసరావుపేటలో పదిహేడేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. స్త్రీల శ్రమ మీద వ్యాసాలూ రాశాను. ఆ కుళాయి ముందు నిలబడి నేను చేసిన మొదటి పని బాబాయికి ఫోన్ చెయ్యటం. ఈ మాట సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

ఆయన ఎత్తలేదు. సావిట్లో నాన్న ఆయిల్ ఇంజను కోసం కొన్న పానా ఉండాలి, ఎక్కడుందని అడిగాను. అమ్మ చీకట్లోకి వెళ్ళి చిటికెలో తెచ్చింది. దాని మీద కుంకం బొట్టు. ఏటా దసరాకి తుడిచి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్ళీ అక్కడే పెడుతుందట. ఒక్కసారి కూడా నట్టుకి తగిలించి చూడలేదు. పూజించటానికి పనికొచ్చిన చెయ్యి విప్పటానికి ఎందుకు పనికిరాదు?

పని ఏమంత బ్రహ్మవిద్య కాదు. డాబా మీద ట్యాంకు వాల్వు కట్టేసి, కుళాయి తిప్పి పైపులో మిగిలిన నీళ్ళు పోనిచ్చాను. పిడి కింది నట్టుని గడియారం ముల్లుకి ఎదురు తిప్పితే లోపలి కడ్డీ బయటికొచ్చింది. దాని కొసన రూపాయి బిళ్ళకన్నా చిన్న రబ్బరు వాషరు, అరిగి గాటుపడి ఉంది. అంతే, మా అమ్మ ఏడు నెలల నిద్ర. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని దుకాణానికి వెళితే, కొట్టతను "ఇంట్లో మగాళ్ళని పంపండి మేడం, సైజు తేడా వస్తే మళ్ళీ తిరగాలి" అన్నాడు. గుప్పిట తెరిచి చూపించాను. అయిదు రూపాయలు.

రెండో పని చెడగొట్టాను, అదీ చెప్పాలి. పెరట్లో పైపు అతుకు దగ్గర చెమ్మ ఉంటే మరలకి టెఫ్లాన్ టేపు చుట్టాను. బిగిస్తుంటే టేపు ముద్దగా ఊడొచ్చింది. మర బిగిసే వైపే చుట్టాలని, ఎదురు చుడితే నిలవదని అప్పుడు తెలిసింది. గోడ లోపలి పైపు పగిలితే నా వల్ల కాదు, ప్లంబర్ని పిలుస్తాను, అడిగినంతా ఇస్తాను. నేను మాట్లాడేది చుక్కల గురించి.

నీళ్ళు మొయ్యటం, కాచటం, కావిట్లో మంచినీళ్ళు అయిపోతే ఇరవై లీటర్ల టిన్ను తెప్పించటం, ఎవరెన్ని చెంబులు వాడారో లెక్క చూడటం ఆడదాని పని. అవే నీళ్ళు పైపులోకి ఎక్కగానే మగవాడి విద్య అయిపోతాయి! మాచర్ల దాటితే నాగార్జునసాగర్. 1955లో శంకుస్థాపన, 1967లో కాలవలకి నీళ్ళు. ఆ రాతి ఆనకట్టకి తట్టలు మోసినవాళ్ళలో ఎందరో ఆడవాళ్ళు. నరసరావుపేట కుళాయిల్లోకి వచ్చేవి ఆ కుడికాలవ నీళ్ళే. తట్ట నెత్తికెత్తారు, తాపీ చేతికివ్వలేదు. ఇప్పటికీ ఏ కట్టుబడి దగ్గరైనా చూడండి, అదే వరస. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకి నీటి పరీక్ష నేర్పాలంది. సంతోషం. నీళ్ళు బాగాలేవని చెప్పటం మాకు, పైపు బాగుచెయ్యటం ఇంకొకరికా? ఉత్తరప్రదేశ్ బాందా జిల్లాలో 1990లలోనే, మహిళా సమాఖ్య కార్యక్రమంలో చదువురాని దళిత స్త్రీలు చేతిపంపులు విప్పి బిగించారు. ఎమ్మేలు, పీహెచ్‌డీలు చేసిన మనకి వాషరు ఎలా ఉంటుందో తెలియదు.

ఓ స్నేహితురాలు కోప్పడింది. "ఉన్న చాకిరీ చాలదా? దీన్నీ మన నెత్తికే ఎత్తుతావా?" అని. మంచి ప్రశ్నే, కొన్నాళ్ళు నన్ను ఆపింది కూడా. కానీ ఏడు నెలలు గిన్నె వంచటం చాకిరీ కాదా? చాకిరీ ఎప్పుడో మన నెత్తిన పడింది. మనకి రానిది దాన్ని తెగ్గొట్టే ఒడుపు. ఇంట్లో ఉన్న మగవాడు చేస్తే చెయ్యనివ్వండి, వద్దనను. అతను చేసేదాకా ఆగాల్సిన అవసరం ఉండకూడదంటాను. విడిపోవాలనుకుని కూడా "ఒక్కదాన్నే ఇల్లు ఎలా నడుపుకోను" అని ఆగిపోయినవాళ్ళు నాకు తెలుసు. ఆ భయంలో కోర్టులూ డబ్బూ ఎంతో, ఫ్యూజూ కుళాయీ అంత.

నా క్లాసులో ఓ దళిత అమ్మాయి అడిగింది మాత్రం నన్ను వదలటం లేదు. "కుళాయి సరే మేడం, మరి మురుగు పైపో?" మంచినీళ్ళ దగ్గర ఆత్మగౌరవం, మురుగు దగ్గర ఇంకొకరి చెయ్యి. 2013లో చట్టం వచ్చాక కూడా మనుషులు మ్యాన్‌హోళ్ళలో దిగి చచ్చిపోతూనే ఉన్నారు. ఆమెకి నా దగ్గర జవాబు లేదు. ఆ వారం ఇంట్లో సింకు కింది ట్రాపు నేనే విప్పి కడిగాను. అది జవాబని అనుకోవటం లేదు.

రెండ్రోజులకి బాబాయి వచ్చాడు. కుళాయి తిప్పి, కట్టి, మళ్ళీ తిప్పి, "ఎవడు చేశాడు వదినా?" అన్నాడు.

"ఎవడూ చెయ్యలేదు" అంది అమ్మ.

నిన్న ఫోన్ చేసింది. బాత్రూము కుళాయి తనే విప్పిందట. నట్టు ఎక్కడో దొర్లిపోయింది, లైటేసుకుని వెతుక్కుంటోంది.