చేతికందిన కర్ర

‘నిశాంత్’ హిందీ సినిమా. కథ మాత్రం మనది. నిజాం ఏలుబడి చివరి రోజులు, తెలంగాణలో ఒక పల్లె, ఆ పల్లె మీద పెత్తనం చేసే అన్న, అతని తమ్ముళ్లు. కొత్తగా వచ్చిన బడిపంతులు భార్యను ఆ తమ్ముళ్లు రాత్రిపూట ఇంట్లోంచి ఎత్తుకుపోతారు. అడ్డుపడేందుకు ఊళ్లో ఒక్కడూ ముందుకు రాడు. పంతులు పోలీసులను అడిగాడు, కలెక్టరును అడిగాడు, వకీలును అడిగాడు. ఎక్కడా న్యాయం దొరకలేదు. 1975లో శ్యామ్ బెనెగల్ తీసిన ఈ సినిమాకు స్క్రీన్‌ప్లే రాసినవాడు కొల్హాపూర్‌లో 1928లో పుట్టిన మరాఠీ నాటకకర్త విజయ్ టెండూల్కర్.

ఆయన్ను మా పాఠకులకు ఈ సినిమాతోనే పరిచయం చేయాలనుకోవడానికి కారణం దాని ముగింపు. పంతులూ గుడి పూజారీ కలిసి ఊరిని కదిలిస్తారు. ఊరు లేస్తుంది. దొరల ఇంటి మీద పడుతుంది. మన గుండె కూడా వాళ్లతో పాటే ఉప్పొంగుతుంది. ఆ వెంటనే జనం చిన్న తమ్ముడి భార్య రుక్మిణిని కూడా చంపేస్తారు. ఆమె ఎవరికీ ఏ కీడూ చేయలేదు. ఎవరి కోసం ఊరు లేచిందో ఆ పంతులు భార్య సుశీల కూడా ఆ జనం చేతుల్లోనే పోతుంది. ఇప్పుడు చప్పట్లు కొట్టాలంటే చేతులు రావు.

మన సత్తుపల్లికి ఊరు అలా లేవడం కొత్త కాదు. ఇక్కడినుంచి తిరువూరు ఎంతో దూరం కాదు. నిజాం కాలంలో ఆ రెంటి మధ్యా ఉన్నది రెండు రాజ్యాల పొలిమేర. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947లో రాసిన ‘మా భూమి’ని ప్రజానాట్యమండలి దళాలు ఆ పొలిమేర అవతల ఊరూరా ఆడాయి. కామారెడ్డిగూడెంలో దొర మనుషుల చేతిలో హతమైన షేక్ బందగీ గాథ ఆ నాటకానికి ఊపిరి. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. వంగిన నడుము నిటారుగా లేవడం ఎలాగో ఆ నాటకం చూపింది. అది ఆనాటి అవసరం. ఆ రుణం మనం తీర్చుకోలేనిది.

టెండూల్కర్ ఆ తర్వాతి ప్రశ్న వేశాడు. దెబ్బ తిన్నవాడి చేతికి కర్ర అందితే ఏం జరుగుతుంది? ఆయన నాటకాలన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయని మా అభిప్రాయం. 1972 నాటి ‘ఘాశీరామ్ కొత్వాల్’లో పుణె బ్రాహ్మణుల చేత అవమానం పాలైన ఘాశీరామ్ పగ తీర్చుకోవడానికి కన్నకూతురినే పీష్వాల మంత్రి నానా ఫడ్నవీస్‌కు అప్పగిస్తాడు. బదులుగా కొత్వాలు పదవి దక్కుతుంది. నిన్నటి దాకా దెబ్బలు తిన్నవాడు ఇవాళ ఊరంతటినీ చావగొడతాడు. చివరికి జనం వాణ్ణే కొట్టి చంపుతారు. కర్ర అందించిన నానాకు మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆ నాటకం మీద పెద్ద గొడవే అయింది. ఆయన మరో నాటకం ‘సఖారామ్ బైండర్’ నిషేధానికి గురైంది.

పద్నాలుగేళ్లకే 1942 ఉద్యమంలోకి దిగి చదువు వదిలేసిన మనిషి ఆయన. తర్వాత పత్రికల్లో పనిచేశాడు. సమాజంలో పెరుగుతున్న హింస మీద పరిశోధన కోసం నెహ్రూ ఫెలోషిప్ తీసుకుని దేశం తిరిగాడు. హింస అంటే కత్తీ నెత్తురే కాదని ఆయనకు తెలుసు. 1980లో గోవింద్ నిహలానీ తీసిన ‘ఆక్రోశ్’ కూడా ఆయన రచనే. అందులో ఆదివాసీ లహన్యా భీకూ తన భార్యను తానే చంపాడన్న అబద్ధపు నేరం మీద బోనులో నిలబడి, సినిమా పొడుగునా దాదాపుగా నోరు విప్పడు. కోర్టు మాట్లాడేది అతని భాష కాదు, వినేది అతని మాట కాదు. అశ్వారావుపేట, భద్రాచలం అడవి వైపు నుంచి కోర్టు వరండాలకు వచ్చి పొద్దస్తమానం గోడకు ఆనుకుని కూర్చునే మనుషులను చూసినవాళ్లకు ఆ మౌనాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

ఈ అడవి అంచున ‘ఎన్‌కౌంటర్’ అన్న మాటకూ ‘ఇన్‌ఫార్మర్’ అన్న మాటకూ అర్థం తెలియని తల్లి లేదు. మొదటి మాట మీద మన కవులు ఎంతో రాశారు, రాయవలసిందే. రెండో మాట పడిన ఇంటి గురించి మనం రాసింది చాలా తక్కువ. రుక్మిణి చావు మన సాహిత్యంలో ఎక్కడుంది? ఇది ఎవరినీ వేలెత్తి చూపడానికి అడగడం లేదు. మా పత్రిక పుటలనూ కలిపే అడుగుతున్నాం.

టెండూల్కర్ 2008 మే 19న పుణెలో కన్నుమూశాడు. ఆయన నాటకాల్లో మన ఊళ్లో ముందుగా ఆడదగినది 1967 నాటి ‘శాంతతా! కోర్ట్ చాలూ ఆహే’. ఒక నాటక బృందం వాళ్లు పొద్దుపోక ఉత్తుత్తి కోర్టు పెడతారు. తమలో ఒకరైన బేణారే టీచరును బోనెక్కించి ఆట మొదలుపెడతారు. చూస్తుండగానే ఆట నిజమవుతుంది. పెళ్లి కాకుండా గర్భవతి అయిన ఆమెను మాటలతోనే చీల్చేస్తారు. ఆ చీల్చేవాళ్లలో దొర ఎవడూ లేడు. అంతా మనలాంటివాళ్లే, జీవితంలో ఎక్కడో ఓడిపోయినవాళ్లే. అయినా ఒక్క పూటకు చేతికి కర్ర దొరికింది.

పరిషత్తు పోటీలకు తయారయ్యే మన కుర్రాళ్లకు ఒక మాట. ఈ నాటకానికి గొప్ప సెట్టింగు అక్కర్లేదు. ఒక ఖాళీ హాలు, కొన్ని కుర్చీలు, సాక్షి నిలబడేందుకు ఒక బోను చాలు. ఇంకొక్కటి కూడా కావాలి. ఆట అయిపోయాక నేల మీద కదలకుండా పడి ఉన్న బేణారే పక్కన, ఊరి అమాయకుడొకడు చప్పుడు చేయకుండా పెట్టి వెళ్లే ఆకుపచ్చ గుడ్డచిలుక. దాన్ని ఎవరైనా ఇంట్లోనే కుట్టుకోవచ్చు.