అంగడి పనికి క్రెడిట్లు కావలెను

విజయవాడ వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్టు మొదలుకొని వస్త్రలత బట్టల సముదాయము వఱకు గల వీథులలో ప్రతిదినమును జరుగు క్రయవిక్రయములు ఏ వాణిజ్యశాస్త్ర గ్రంథమునకును తీసిపోని పాఠములై యుండగా, ఆ వీథుల చెంతనే చదువుకొను బి.కామ్. విద్యార్థి తన డిగ్రీకి విధింపబడిన ఇంటర్న్‌షిప్పు క్రెడిట్ల కొఱకు ఎన్నడును కంట జూడని యే దూరనగరపు సంస్థనో ఆశ్రయించి, కంప్యూటరు తెరపై కొన్ని వీడియోలు చూచి, ఒక సర్టిఫికెట్టు తెచ్చుకొనవలసి వచ్చుట నన్ను మిక్కిలి బాధించు విషయము. నియమము మంచిదే, దానిని మనము నెరవేర్చుచున్న విధమే మంచిది కాదు.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21 విద్యాసంవత్సరమున డిగ్రీలో చేరినవారు మొదలుకొని 10 నెలల ఇంటర్న్‌షిప్పును తప్పనిసరి గావించినది. మొదటి సంవత్సరపు పరీక్షలు ముగిసిన వేసవిలో సామాజిక సేవా ప్రాజెక్టు, రెండవ సంవత్సరాంతమున స్వల్పకాలపు ఇంటర్న్‌షిప్పు, తుదకు ఒక సెమిస్టరు పూర్తిగా పనిలోనే గడుపుట. వీనికి వరుసగా 4, 4, 12 క్రెడిట్లు. యూజీసీ 30 గంటల పనిని ఒక క్రెడిట్టుగా లెక్కించుచుండగా, మన మండలి సామాజిక సేవా ప్రాజెక్టునకు 180 గంటలు కోరుచున్నది. అనగా క్రెడిట్టు ఒక్కంటికి 45 గంటలు. ప్రోగ్రామ్ బుక్కులో ఏనాటి పని ఆనాడు వ్రాసి, పని చేయించిన పెద్దచేత సంతకము చేయించి, వారమునకొక నివేదిక జతపఱచవలెనను కట్టుబాటు కూడ కలదు. కాగితముమీద ఇంతకంటె కోరవలసినదేమియు లేదు.

అయినను గంటలను లెక్కించుట సులభమైనంతగా, ఆ గంటలలో ఎవరు ఏమి నేర్పిరని విచారించుట సులభము కాదు. రాష్ట్రమందలి విద్యార్థులందఱును ఒక్కమాఱుగా పనికై వెదుకవలసి వచ్చినప్పుడు, పని చూపలేని కళాశాల సర్టిఫికెట్టు చూచి తృప్తిపడుచున్నది. ఆ తృప్తిని కనిపెట్టినవారు రుసుము పుచ్చుకొని సర్టిఫికెట్లు పంచుచున్నారు. నెలల దినచర్య ఒక్క రాత్రిలో ఒకరి పుస్తకమునుండి మఱియొకరి పుస్తకములోనికి ఎక్కుచున్నది. ఇది విద్యార్థుల దోషమని నేననను. తరగతులు ముగిసినదే తడవుగా బట్టల కొట్టులో గుమాస్తాగా నిలిచి, కొట్టు కట్టివేసిన పిదప ఇల్లు చేరి, ఆ వచ్చిన జీతముతో ఫీజు కట్టుకొను పిల్లవానిని తలచుకొనుడు. మూడేండ్లలో వాడు చేయు పని మండలి కోరిన గంటలకు మించినదే యగును. కాని ఆ కొట్టునకు లెటర్‌హెడ్డు లేదు, హెచ్.ఆర్. విభాగము లేదు, కావున ఆ పనికి క్రెడిట్టు లేదు. ఆ జీతములోనుండియే సొమ్ము తీసి, చేయని పనికి సర్టిఫికెట్టు కొనుక్కొనవలసిన గతి వానికి పట్టుట ఘోరమైన అన్యాయము.

ఆ కొట్టులో నేర్చుకొనుటకేమున్నదని అడుగువారు ఒకపూట అచ్చట కూర్చుండి చూడవలెను. సూరత్తు నుండి వచ్చిన బేళ్లు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో దిగును. ఇన్వాయిసుతో సరిచూచి, తానులు లెక్కపెట్టి, తక్కువైనచో అప్పుడే వ్రాయించుకొనవలెను. సరకు విలువ రూ.50,000 దాటినచో ఈ-వే బిల్లు లేక బండి కదలరాదు. కొనుగోలుపై కట్టిన జీఎస్టీని అమ్మకపు పన్నులో మినహాయించుకొనుట, సరకు పంపినవాడు రిటర్ను దాఖలు చేయనిచో ఆ మినహాయింపు చిక్కుపడుట, పాఠ్యపుస్తకమున ఒక పంక్తియై యుండి ఇచ్చట ఒక కుటుంబపు లాభనష్టములగును. గుడివాడ నుండియు, నూజివీడు నుండియు, అవనిగడ్డ నుండియు వచ్చు చిల్లర వర్తకులలో ఎవరికి ఎంత అరువీయవచ్చునో, వరి కోతలై ధాన్యపు సొమ్ము చేతికి వచ్చువఱకు ఎవరి బాకీకి ఓర్చుకొనవలెనో, ఎవరిని ఆషాఢమునందే గట్టిగా అడుగవలెనో, ఇదంతయు డెల్టా సేద్యమునకును బజారు అప్పునకును గల సంబంధము. వర్కింగ్ కాపిటల్ అను అధ్యాయమునకు ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానమును నేనెఱుగను. ముఠా కార్మికుల కూలి ఎట్లు నిర్ణయమగునో, యూపీఐ చెల్లింపులు వచ్చిన తరువాత చిట్టా ఆవర్జాలు ఎట్లు మారినవో, టోకు వ్యాపారము గొల్లపూడికి తరలినందున వన్ టౌన్‌లోని అద్దెలేమైనవో, ఒక్కొక్కటియు సెమిస్టరు పనికి తగిన విషయమే. ఆటోనగరులోని వర్క్‌షాపులను, కొండపల్లి బొమ్మల పనివారిని, పెడన కలంకారీ అద్దకమును గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు.

కృష్ణామండలమునకు ఇది క్రొత్త భావమును కాదు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ప్రభృతులు బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినప్పుడు, గ్రంథపఠనముతోపాటు చేతిపనులకును యంత్రవిద్యకును అందు స్థానమిచ్చిరి. పరప్రభుత్వపు సాయము నాశింపక వారు చేయబూనిన పనిని, ప్రభుత్వమే ఆజ్ఞాపించుచుండగా మనము చేయలేకపోవుట కూడదు.

బజారునకు క్రెడిట్టిచ్చినచో యజమానులు పిల్లలచేత ఊరక చాకిరి చేయించుకొందురను భయము నిరాధారము కాదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టము క్రింద పనికి చేరినవానికి స్టైపెండు చట్టబద్ధమైన హక్కు. ఆ చట్టము 30 మందియు అంతకు మించియు పనివారున్న సంస్థలకు విధిగాను, 4 మొదలు 29 మంది వఱకు గలవానికి ఐచ్ఛికముగాను వర్తించును. వన్ టౌన్ కొట్లు మిక్కిలి భాగము ఈ రెండవ తెగలోనివో, ఆ లెక్కకు కూడ అందనివో. కనుక ఇంటర్నునకు చట్టము ఈయని రక్షణను కళాశాల ఈయవలెను. కొట్టుతో లిఖితపూర్వకమైన ఒప్పందము, అందు పని వేళలు, ఎంత స్వల్పమైనను కొంత స్టైపెండు, ప్రమాద బీమా, ఆడపిల్లలకు చీకటి పడకముందే సెలవు, ఇవి లేనిచోట క్రెడిట్టు వలదు. తండ్రి కొట్టులోనే పనిచేయువాని పుస్తకమున తండ్రి సంతకము చాలదనుట న్యాయమే. అధ్యాపకుడు స్వయముగా వచ్చి చూడవలెను. అధ్యాపకునికి ఆ రాకపోకలను బోధన గంటలుగా లెక్కగట్టవలెను. ఈ కడపటిది చేయనిదే మిగిలినవేవియు జరుగవని నా దృఢవిశ్వాసము. ఏలయనగా నేడు తరగతుల భారము తగ్గింపకయే పదులకొలది విద్యార్థుల ఇంటర్న్‌షిప్పులను ఒక్కరికి అప్పగించి, సంతకము తప్ప వేఱొకటి చేయుటకు వ్యవధి లేకుండ చేయుచున్నారు.

సామాజిక సేవా ప్రాజెక్టు మాటయు ఇంతే. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగరును, రాజరాజేశ్వరిపేటను ముంచినది. ఆ యిండ్లలో ఏ సామాను పోయినదో, ఏ పని ఆగినదో, అప్పు ఎవరి యొద్ద పుట్టినదో ఇల్లిల్లు తిరిగి వ్రాసినచో 180 గంటలు చాలవు. ఆ నివేదిక నగరపాలక సంస్థకును పనికివచ్చును.

ఉన్నత విద్యామండలివారికి నా విన్నపము: విద్యార్థి యొద్ద రుసుము పుచ్చుకొను ఏ ఇంటర్న్‌షిప్పునకును క్రెడిట్టు ఈయవలదు, వర్తక సంఘములను పిలిచి, లెటర్‌హెడ్డు లేని కొట్టును గూడ జాబితాలో చేర్చుకొను పద్ధతిని రాబోవు వేసవిలోపలనే ప్రకటింపుడు. వన్ టౌన్ వర్తకులకును ఒక మాట: మీ యొద్ద గుమాస్తాగా నున్న విద్యార్థి పుస్తకముపై సంతకము చేయుటకు ముందు, వానికొక క్రొత్త పని నేర్పుడు.