దుఃఖానికి లెక్క చెప్పొద్దు

వజ్రాల బేరాన్ని రెండు హీబ్రూ మాటలతో ముగించే వారి ధర్మశాస్త్రంలో, కష్టంలో ఉన్నవాడితో ఎలా మాట్లాడాలో చెప్పే నియమం ఒకటుంది

వజ్రాల వ్యాపారంలో కోట్ల బేరానికి కూడా కాగితం అక్కర్లేదు. ఆంట్వెర్ప్‌లోనైనా, ఇజ్రాయెల్‌లోని రమత్ గన్‌లోనైనా, న్యూయార్క్‌లోనైనా అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి 'మజల్ ఉ బ్రఖా' అనుకుంటే చాలు. ఆ తర్వాత ధర పెరిగినా, తగ్గినా మాట వెనక్కి తీసుకోవడం ఉండదు. అదృష్టం, ఆశీర్వాదం అని ఆ హీబ్రూ మాటలకు అర్థం. ఈ వ్యాపారాన్ని తరతరాలుగా నడిపిన యూదులు పెట్టిన ఆనవాయితీ అది. వారి సరసన నిలిచిన గుజరాతీ వ్యాపారుల నోట కూడా ఇప్పుడు అదే మాట.

ఆ గుజరాతీల సరుకు సానబట్టేది సూరత్‌లో. పాత నగరానికి ఉత్తరాన ఉన్న కతర్‌గామ్‌లో ఏ వీధిలోకి వెళ్లినా వజ్రాల కార్ఖానాలే. భావనగర్, అమ్రేలీ జిల్లాల నుంచి వలస వచ్చినవారు సానచక్రాల ముందు వంగి కూర్చుని, రాయికింత చొప్పున కూలి తీసుకుంటారు. వారిని అక్కడ 'రత్నకళాకారులు' అంటారు. పేరు ఘనమైనదే. అదృష్టం ముఖం చాటేసినప్పుడు మాత్రం ఆ పేరు అన్నం పెట్టదు. 2008 చివర్లో అమెరికా ఆర్థిక సంక్షోభం దెబ్బకు సూరత్‌లో వేలమంది పని పోగొట్టుకున్నారు. 2022 తర్వాత రష్యా ముడిరాళ్లపై ఆంక్షలు, చైనాలో తగ్గిన గిరాకీ, ప్రయోగశాలలో తయారయ్యే వజ్రాల పోటీ కలిసి మరోసారి కుంగదీశాయి. ఆత్మహత్యల వార్తలు పెరగడంతో 2024 జులైలో కార్మిక సంఘమే ఒక హెల్ప్‌లైన్ తెరవాల్సి వచ్చింది. 2025 ఆగస్టులో భారత సరుకుపై అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచడం పుండు మీద కారం చల్లింది.

ఇలాంటి ఇంట్లో ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటే: ఏం పాపం చేశామని మాకీ కష్టం?

సూరత్‌లో ఈ ప్రశ్నకు జవాబులకు కొదవ లేదు. వజ్రాల వ్యాపారంలో పేరున్న జైనులు కర్మ సిద్ధాంతం చెబుతారు. హిందువులు పూర్వజన్మ ఫలమంటారు. తరతరాలుగా ఆ ఊళ్లో ఉన్న పార్సీల విశ్వాసంలో మంచికి అహురమజ్దా, చెడుకు అహ్రిమన్ మూలం. ఆ రెండు శక్తుల పోరులో మనిషి మంచి పక్షాన నిలవాలి. ఇవి కాక మరో జవాబు కూడా ఒకప్పుడు ఈ ఊళ్లో వినిపించేది. కతర్‌గామ్ దర్వాజా దగ్గర డచ్చి, ఆర్మీనియన్ వర్తకుల సమాధులు నేటికీ ఉన్నాయి. ఆ వర్తకుల మాదిరిగానే 18వ శతాబ్దంలో అలెప్పో, బాగ్దాద్, బస్రాల నుంచి అరబ్బీ మాట్లాడే యూదులూ సూరత్ రేవుకు వచ్చారు. సుమారు వందమంది ఉన్న ఆ సమాజానికి సొంత ప్రార్థన మందిరం, శ్మశానం ఉండేవి. అలెప్పోకు చెందిన నగల వర్తకుడు షాలోమ్ కోహెన్ 1790 ప్రాంతంలో సూరత్‌లో దిగి, 1798లో కలకత్తా చేరి అక్కడి యూదు సమాజానికి ఆద్యుడయ్యాడు. సూరత్ రేవు వెనకబడి బొంబాయి ఎదిగాక మిగతా యూదులూ ఒక్కొక్కరుగా కదిలిపోయారు.

ఇంతకీ ఆ జవాబు ఏమిటి? మొదటి మెట్టులో అది పార్సీల జవాబుకు పూర్తి విరుద్ధం. చెడుకు వేరే దేవుడు లేడు. పర్షియా చక్రవర్తి సైరస్‌ను పేరుపెట్టి పిలిచే యెషయా గ్రంథపు 45వ అధ్యాయమే వెలుగునూ చీకటినీ, క్షేమాన్నీ కీడునూ కలిగించేవాడు ఒక్కడేనని చెబుతుంది. యూదుల సాతాను దేవుడికి పోటీదారు కాడు. దేవుడి కొలువులోనే నేరారోపణ చేసే ఉద్యోగి, మన ప్రాసిక్యూటర్ లాంటివాడు. దేవుడు ఒక్కడే అయినప్పుడు, మంచివాడికి కష్టం వస్తే ఫిర్యాదు చేయాల్సిందీ ఆయన మీదే, ఆయన ముందే. యూదుల చిక్కంతా ఇక్కడే ఉంది.

మనిషిలోని చెడు గురించి వారి పండితులు చెప్పింది మరీ ఆసక్తికరం. ప్రతి మనిషిలో మంచివైపు లాగే బుద్ధి ఒకటి, చెడువైపు లాగే బుద్ధి ఒకటి ఉంటాయి. ఈ రెండోదాన్ని 'యేత్సెర్ హరా' అంటారు. అదే లేకపోతే ఎవరూ ఇల్లు కట్టరు, పెళ్లాడరు, పిల్లల్ని కనరు, వ్యాపారమూ చేయరని ఆదికాండానికి రాసిన ప్రాచీన వ్యాఖ్యానం అంటుంది. తాల్ముద్‌లో ఒక కథ కూడా ఉంది. పెద్దలంతా కలిసి ఆ చెడుబుద్ధిని పట్టుకుని మూడు రోజులు బంధించారట. తీరా చూస్తే రోగికి పెడదామన్నా దేశమంతటా ఒక్క తాజా కోడిగుడ్డు దొరకలేదట. కోరికను చంపితే బతుకే ఆగిపోతుంది. దాన్ని చంపకుండా కళ్లెం వేయడమే మనిషి పని. ఆశ మీదే నడిచే వజ్రాల బజారుకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

కష్టం ఎందుకొస్తుందన్న దానికి మాత్రం యూదు గ్రంథాల్లో ఒకే జవాబు లేదు. ఆజ్ఞలు పాటిస్తే వానలు, పంటలు, తప్పితే కరువు, చెర అని ద్వితీయోపదేశకాండం లెక్క కడుతుంది. పాపం లేకుండా మరణం లేదు, దోషం లేకుండా బాధ లేదు అని తాల్ముద్‌లో ఒక పండితుడు వాదిస్తాడు. ఆ వాదం చర్చలో నిలవదు. దుష్టుల సుఖానికిగానీ, సజ్జనుల కష్టానికిగానీ కారణం మన చేతిలో లేదని మరో పండితుడు చేతులెత్తేస్తాడు. 16వ శతాబ్దంలో సఫెద్ పట్టణపు మార్మికులు 'గిల్గుల్' పేరిట జన్మాంతరాలనూ నమ్మారు. కాబట్టి కర్మఫలం వంటి ఆలోచన యూదులకు బొత్తిగా తెలియనిదేమీ కాదు.

వీటన్నిటికీ మధ్యలో యోబు కథ ఉంది. దేవుని కొలువులో సాతాను విసిరిన సవాలు కారణంగా నిర్దోషి అయిన యోబు ఆస్తినీ, పిల్లలనూ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకుంటాడు. ఇంద్రసభలో వసిష్ఠ విశ్వామిత్రుల పంతం వల్ల కాటికాపరి అయిన హరిశ్చంద్రుడి కథ ఎరిగిన తెలుగువారికి ఇది కొత్తగా తోచదు. తేడా ఏమిటంటే, హరిశ్చంద్రుడు మాట తప్పకుండా భరిస్తాడు. యోబు భరిస్తూనే దేవుణ్ణి నిలదీస్తాడు. ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చుంటారు. తర్వాత నోరు విప్పి, దేవుడు అన్యాయం చేయడు గనుక నువ్వేదో తప్పు చేసి ఉంటావని తర్కం మొదలుపెడతారు. చివరకు దేవుడు యోబు ప్రశ్నకు జవాబివ్వడు. కానీ కోపగించుకునేది మాత్రం తనను నిలదీసిన యోబు మీద కాదు, తన తరఫున వకాల్తా పుచ్చుకున్న స్నేహితుల మీద.

యూదు ధర్మశాస్త్రం ఈ కథను నీతిబోధగా వదిలేయకుండా చట్టంలోకి తెచ్చింది. ఎక్కడికి తెచ్చిందన్నదే అసలు విశేషం. తాల్ముద్‌లో 'బావా మెత్సియా' అనే భాగం వ్యాపార తగాదాలకు సంబంధించినది. సరుకు ధరలో మోసం ఎంతవరకు చెల్లుతుందో అందులో లెక్క ఉంది. అసలు ధర మీద సరిగ్గా ఆరో వంతు ఎక్కువ గుంజితే ఆ మొత్తం తిరిగివ్వాలి. అంతకు మించితే బేరమే రద్దు. ఆ వెంటనే, క్రయవిక్రయాల్లో మోసం ఉన్నట్టే మాటల్లోనూ మోసం ఉందని చెబుతుంది. కొనే ఉద్దేశం లేకుండా ధర అడగడం అలాంటి మోసం. మారిన మనిషికి పాత తప్పులు గుర్తుచేయడం అలాంటి మోసం. జబ్బుపడ్డవాడితో, బిడ్డల్ని పూడ్చిపెట్టిన వాడితో యోబు స్నేహితులు మాట్లాడినట్టు మాట్లాడటమూ అలాంటి మోసమే. పైగా డబ్బు మోసం కంటే ఇదే పెద్దదట. డబ్బయితే తిరిగివ్వొచ్చు, మాట తిరిగివ్వలేం.

ఇంకో చోట, కష్టం వచ్చినవాడు తన నడతను తాను పరీక్షించుకోవాలని తాల్ముద్ సలహా ఇస్తుంది. ఈ రెండూ పక్కపక్కన పెడితే యూదు ధర్మం గీసిన గీత కనిపిస్తుంది. నా బాధకు నా తప్పేమైనా ఉందా అని అడుక్కునే హక్కు నాకుంది. ఎదుటివాడి బాధకు వాడి తప్పే కారణమని చెప్పే హక్కు నాకు లేదు.

మరి ఎదుటివాడికి చేయాల్సింది ఏమిటి? మూడో శతాబ్దపు పండితుడు రబ్బీ యోహానాన్ జబ్బుపడ్డ శిష్యుణ్ణి చూడబోయి, ఈ బాధలు నీకు ఇష్టమేనా అని అడుగుతాడు. బాధలూ వద్దు, వాటికొచ్చే పుణ్యమూ వద్దు అంటాడు శిష్యుడు. ఆయన మందలించడు, చెయ్యి అందించి లేపుతాడు. తర్వాత యోహానానే జబ్బుపడితే మరొకరు వచ్చి చెయ్యి అందిస్తారు. తనను తాను లేపుకోలేడా అంటే, ఖైదీ తన చెర తాను విడిపించుకోలేడని జవాబు. చావు జరిగిన యూదుల ఇంట్లో ఏడు రోజులు శోకం పాటిస్తారు. పరామర్శకు వెళ్లినవారు ఆ ఇంటివారు నోరు విప్పేదాకా మాట్లాడకూడదన్నది నియమం. యోబు స్నేహితులు చేసిన ఒకే ఒక మంచి పని, ఆ మౌనం, ఇలా ఆచారంగా నిలిచింది.

యూదు తత్వవేత్తల్లో అగ్రగణ్యుడైన మైమోనిడిస్‌కు ఈ బాధ పుస్తకాల్లో చదివినది కాదు. ఆయన తమ్ముడు డేవిడ్ రత్నాల వర్తకుడు. అన్న చదువూ, ఇంటి ఖర్చూ ఆ తమ్ముడి వ్యాపారం మీదే నడిచేవి. 12వ శతాబ్దం చివరి భాగంలో డేవిడ్ వ్యాపారం కోసం వెళుతూ హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడు. వెంట తీసుకెళ్లిన సొమ్మూ పోయింది. ఆ వార్త విని సుమారు ఏడాదిపాటు జ్వరంతో మంచం పట్టానని మైమోనిడిస్ తర్వాత ఒక లేఖలో రాసుకున్నాడు. వైద్యవృత్తితో తమ్ముడి భార్యనూ బిడ్డనూ పోషించాడు. తర్వాత రాసిన తన ప్రధాన గ్రంథంలో కష్టాలను మూడుగా విడదీశాడు: శరీరం ఉన్నందుకు వచ్చేవి, మనుషులు ఒకరికొకరు తెచ్చిపెట్టేవి, మనిషి తన అతి కోరికలతో తానే తెచ్చుకునేవి. మూడో రకమే ఎక్కువని ఆయన అభిప్రాయం.

ఈ సంప్రదాయానికి అతిపెద్ద పరీక్ష 20వ శతాబ్దంలో ఎదురైంది. 1942-44 మధ్య బెల్జియంలోని మెకెలెన్ శిబిరం నుంచి పాతిక వేలమందికి పైగా యూదులను నాజీలు తరలించారు. ఎక్కువమంది ఆష్విట్జ్‌కే వెళ్లారు. వజ్రాల నగరం ఆంట్వెర్ప్ నుంచి వెళ్లినవారూ వారిలో ఎందరో. అరవై లక్షలమంది హత్యకు ఏ పాపం లెక్క సరిపోతుంది? చరిత్రను నడిపే దేవుణ్ణి ఇక నమ్మలేమన్నాడు 1966లో రిచర్డ్ రూబెన్‌స్టైన్. మనిషికి స్వేచ్ఛ ఇవ్వడం కోసం దేవుడు ముఖం దాచుకుంటాడన్నాడు 1973లో ఎలియెజర్ బెర్కోవిట్స్. 14 ఏళ్ల కొడుకును అరుదైన జబ్బుకు పోగొట్టుకున్న రబ్బీ హెరాల్డ్ కుష్నర్, దేవుడు మంచివాడేగానీ అన్నీ ఆయన చేతిలో లేవని 1981లో రాసిన పుస్తకం లక్షలమంది చదివారు. పాత లెక్కకు తిరిగి వెళ్లినవారూ ఉన్నారు. ఆ మృతులు పూర్వజన్మలో పాపం చేసినవారి ఆత్మలని 2000 ఆగస్టులో ఇజ్రాయెల్ మతపెద్ద ఒవాడియా యోసెఫ్ అనడంతో దేశమంతా భగ్గుమంది. ఆయన వివరణ ఇచ్చుకోక తప్పలేదు.

ఆ ఆగ్రహం తెలుగువారికి అర్థం కాకపోదు. అంటరానితనాన్ని పూర్వజన్మ ఖాతాలో వేసిన సమాజం మనది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో మాదిగ కుటుంబాలు కొన్ని తాము ఇశ్రాయేలు పోయిన గోత్రాల్లోని ఎఫ్రాయిము సంతతి అంటూ 1990ల తొలినాళ్ల నుంచి సొంత ప్రార్థన మందిరం నడుపుకుంటున్నాయి. మానవశాస్త్రజ్ఞులు యూలియా ఎగరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వారిపై పుస్తకమే తెచ్చారు. వారి వంశచరిత్రపై వాదాలు ఎన్నైనా ఉండవచ్చు. వారు పస్కా పండుగ నాడు చెప్పుకునే ఈజిప్టు కథలో మాత్రం బానిస చేసిన పాపం ఎక్కడా లేదు. పాపమంతా ఫరోది.

కతర్‌గామ్ కార్ఖానా మూతపడటానికి కారణాలు మాస్కో, బీజింగ్, వాషింగ్టన్‌లలో వెతకవచ్చు. సానచక్రం ముందు కూర్చున్నవాడి పూర్వజన్మలో వెతికి ప్రయోజనం లేదు. అలాంటివాడికి ఏం చేయాలో కూడా తమ్ముణ్ణి పోగొట్టుకున్న మైమోనిడిస్సే రాసిపెట్టాడు. దానాన్ని ఎనిమిది మెట్లుగా లెక్కించిన ఆయన, అన్నిటికంటే పైమెట్టు మీద అన్నదానాన్నిగానీ, గుప్తదానాన్నిగానీ పెట్టలేదు. జారిపోతున్నవాడు చెయ్యి చాచి అడిగే స్థితికి రాకముందే అప్పో, భాగస్వామ్యమో, పనో ఇచ్చి నిలబెట్టడాన్ని పెట్టాడు.