‘మేము’ అనే మాట చాటున

విదేశీ పల్లెలకి స్వచ్ఛంద సేవకి వెళ్ళొచ్చిన దంపతుల అనుభవాలు చదివినప్పుడల్లా నన్నొక మాట నిలబెట్టేస్తుంది. అది ‘మేము’. మేం తెల్లారుజామునే లేచి నీళ్ళు తెచ్చుకునేవాళ్ళం. మేం కట్టెలపొయ్యి మీద వండుకునేవాళ్ళం. మేం లాంతరు వెలుగులో చదువుకునేవాళ్ళం. తెలుగులో ‘తెచ్చాడు’ అంటే ఎవరో తెలుస్తుంది, ‘తెచ్చింది’ అన్నా తెలుస్తుంది. ‘తెచ్చుకున్నాం’ అనగానే బిందె ఎవరి నెత్తిమీద ఉందో తెలియదు. ఏ భాషలో రాసినా దంపతుల బహువచనం చేసే పని ఇదే. లాంతరు వెలుగులో చదువుకున్నది ఎవరు, ఆ వెలుగులోనే అంట్లు తోముకున్నది ఎవరు అని ఈ కథనాలని ఎవరూ అడగరు. నేను అడగదలచుకున్నాను. ఎందుకంటే నేనూ రెండేళ్ళపాటు అలాంటి ‘మేము’లో సగాన్ని.

పిహెచ్.డి. పూర్తయ్యాక 2017లో నా సహచరుడితో కలిసి ఆఫ్రికాలోని మలావీ దేశానికి వెళ్ళాను. డెడ్జా జిల్లాలో ఒక పల్లె. తను నీటి పథకాల ఇంజనీరు. నేను ప్రాథమిక పాఠశాలలో ఆడపిల్లలతో చదివించే పని చేయాలి. కాగితం మీద ఇద్దరం సమానమే. ఇందులో మా సంస్థ ప్రత్యేకత ఏమీ లేదు. 1961లో కెనెడీ హయాంలో మొదలైన అమెరికా పీస్ కోర్ కూడా దంపతుల్లో ఇద్దరికీ విడివిడిగా అర్హత ఉండాలనీ, ఇద్దరికీ వేరువేరు పని ఉండాలనీ అంటుంది. మంచి నియమమే. కానీ పని పట్టికలో ఇద్దరి పేర్లూ రాస్తారు గానీ, ఆ ఇద్దరూ పొద్దున్నే పనికి వెళ్ళేలా వాళ్ళని నిలబెట్టే చాకిరీ ఏ పట్టికలోనూ ఉండదు. పట్నంలో కుళాయి, గ్యాసు, మిక్సీ ఆ చాకిరీని కొంత దాచిపెడతాయి. కుళాయి లేని పల్లెలో అది మొత్తంగా బయటపడుతుంది.

అక్కడి రోజు ఎలా ఉంటుందో చెప్తాను. నాలుగున్నరకి లేస్తే బోరింగు దగ్గర అప్పటికే బక్కెట్ల వరస. ఒక్కో బక్కెట్టు 20 లీటర్లు, అంటే చుట్టకుదురు మీద 20 కిలోల బరువు. మా ఇద్దరికీ రోజుకి మూడు నాలుగు బక్కెట్లు కావాలి. పొయ్యి రాజేయాలి, కాచాలి, చల్లార్చాలి, వడకట్టాలి. మొక్కజొన్న మరకి వెళ్ళి పిండి ఆడించుకురావాలి. రాత్రికి న్సీమా, అంటే మన సంకటికి చుట్టం. తెడ్డుతో తిప్పితిప్పి భుజాలు పడిపోతాయి. వానాకాలంలో కట్టెలు తడిసి పొగ, ఎండాకాలంలో దుమ్ము. మధ్యలో బడి. బడిలో గడిపిన సమయం కన్నా ఇంటిపనికి పట్టిన సమయమే ఎక్కువ. మొదటిదాన్ని సంస్థ ‘సేవ’ అంది. రెండోదానికి పేరే లేదు.

నా సహచరుడు పనిదొంగ కాదు. మొదటి వారంలోనే బక్కెట్టు పట్టుకుని బోరింగుకి వెళ్ళాడు. అక్కడి ఆడవాళ్ళు పడీపడీ నవ్వి, ఆ బక్కెట్టు తన చేతిలోంచి లాక్కుని, నింపి, తెచ్చి నా గుమ్మంలో పెట్టారు. బోరింగు వాళ్ళ చోటు, వాళ్ళ కబుర్ల చోటు. అక్కడికి మగవాడు రావడం వాళ్ళకి ఇబ్బంది. నాకు అది అర్థమైంది. అర్థం కానిది వేరే ఉంది. తర్వాత తను పట్టుబట్టి వారానికి ఒకటి రెండుసార్లు నీళ్ళు మోసేవాడు. ఆ ఫొటో సంస్థ వార్తాపత్రికలో వచ్చింది, ‘మార్పుకి మాదిరి’ అన్న శీర్షికతో. మిగిలిన రోజులన్నీ నేను మోసిన నీళ్ళకి ఫొటో లేదు. ఆ ఊరి ఆడవాళ్ళు పుట్టినప్పటినుంచీ మోస్తున్న నీళ్ళకి అసలే లేదు. మగవాడు మోస్తే ఆదర్శం, ఆడది మోస్తే అలవాటు! అదే పట్టణం అంచుల్లో మగవాళ్ళు సైకిలుకి డబ్బాలు కట్టి తెస్తే అది వ్యాపారం.

న్యూజీలాండ్ పార్లమెంటులో పనిచేసిన మెరిలిన్ వేరింగ్ 1988లో ‘ఇఫ్ విమెన్ కౌంటెడ్’ రాసి, ఆడవాళ్ళ శ్రమని లెక్కలోంచి ఎలా తీసేస్తారో చూపించింది. ఐక్యరాజ్యసమితి 1993 నాటి జాతీయ ఖాతాల పద్ధతి సొంత ఇంటికి నీళ్ళు మోయడాన్ని ఉత్పత్తిగా ఒప్పుకుంది. ఆ నీళ్ళతో వంట చేయడాన్ని మాత్రం ఒప్పుకోలేదు. అంటే బోరింగునుంచి గుమ్మం దాకా నేను ఉత్పత్తిదారుని. గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టగానే కాదు. ఇది మలావీ సమస్య మాత్రమే అనుకోనక్కర్లేదు. మన దేశంలో 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేసేవారు. ‘సేవ’ కోసం దేశం దాటి వెళ్ళినా ఈ లెక్క మనతోనే ప్రయాణం చేస్తుంది.

ఇందులో ఇంకో దారుణం ఉంది. డెడ్జాలో ఎక్కువమంది చేవాలు. వాళ్ళలో వంశం తల్లివైపు నుంచి నడుస్తుంది. పాత ఆచారం ప్రకారం పెళ్ళయ్యాక మగవాడే భార్య ఊరికి వచ్చి ఉంటాడు. దాన్ని ‘చికమ్వీని’ అంటారు. భూమి ఆడవాళ్ళ వైపునుంచి సంక్రమిస్తుంది. అంతమాత్రాన పెత్తనం ఆడవాళ్ళదే అనుకోవద్దు, మేనమామ మాటకి బరువెక్కువ. అయినా ఆడవాళ్ళు గ్రామపెద్దలు కావడం అక్కడ వింత కాదు. అదే జిల్లాలో 2003లో పెద్ద అధిపతిగా వచ్చిన థెరిసా కచిందమోటో వందల బాల్యవివాహాలు రద్దు చేయించింది. అలాంటి చోట మా సంస్థ ఫారంలో ‘కుటుంబ యజమాని’ గడి కింద నన్ను అడక్కుండానే నా సహచరుడి పేరు రాశారు. ఇద్దరి భత్యం తన ఖాతాలో వేశారు. అక్కడి ఆడవాళ్ళు చేను ఎవరిదని అడిగితే ‘మా అమ్మది’ అనేవారు. వాళ్ళకి సమానత్వం నేర్పడానికి వెళ్ళిన మేము యజమానిని వెంటబెట్టుకుని వెళ్ళాం.

ఈస్టర్ బోసెరప్ 1970లోనే చెప్పింది, ఆఫ్రికాలో చేను చేసేది ఆడవాళ్ళయితే, వలస పాలకులూ తర్వాతి నిపుణులూ వ్యవసాయం మగవాళ్ళకి నేర్పారని. ఇన్నేళ్ళ తర్వాత కూడా దంపతులుగా వెళ్ళినవాళ్ళలో మగవాడికి నీళ్ళు, రోడ్లు, చేలు. ఆడదానికి పిల్లలు, పోషకాహారం, చదువు. మొదటివి ‘ప్రాజెక్టు’. రెండోవి ‘కార్యక్రమం’.

ఇది మాటల తేడా కాదు. మేం తిరిగొచ్చేముందు సంస్థ ‘ఈ దంపతులు’ అంటూ నివేదిక రాసింది. అందులో నీటి పని పేజీలకు పేజీలు, ఆడపిల్లల చదువుగంట రెండు వాక్యాలు. తన స్థానంలో మరో ఇంజనీరు వచ్చాడు. నా స్థానంలో ఎవరూ రాలేదు. అసలు అక్కడ ఒక స్థానం ఉన్నట్టే ఎవరికీ గుర్తులేదు. సాయంత్రాలు నా చుట్టూ కూర్చుని కూడబలుక్కుంటూ చదివిన పిల్లలకి ఆ గంట ఆగిపోయింది. భార్య పనిని భర్త పనిలో కలిపి రాస్తే నష్టం భార్యకే కాదు, ఆ పని ఎవరికోసమో వాళ్ళకి.

చరిత్రలోనూ ఇదే వరస. విలియం, షార్లెట్ వైజర్ అనే అమెరికన్ మిషనరీ దంపతులు 1925నుంచి 1930 దాకా ఉత్తరప్రదేశ్‌లో ‘కరీంపూర్’ అని వాళ్ళు పేరుపెట్టిన పల్లెలో ఉన్నారు. ఇద్దరూ కలిసి ‘బిహైండ్ మడ్ వాల్స్’ రాశారు. అయితే తరగతి గదుల్లో నిలిచింది 1936లో విలియం రాసిన జజ్మానీ వ్యవస్థ. అదే ఊళ్ళో ఎవరేం తింటున్నారో షార్లెట్ చేసిన అధ్యయనం ఎంతమంది చదివారు? కులాల మధ్య ధాన్యం పంపకం సిద్ధాంతమైంది. ఆ ధాన్యం కంచంలోకి ఎలా వచ్చిందన్నది వంటింటి విషయమైంది.

“సేవకి వెళ్ళి గంటలు లెక్కపెట్టుకుంటారా?” అని అడిగేవాళ్ళున్నారు. నీళ్ళ ట్యాంకు కట్టిన గంటలు లెక్కపెట్టినప్పుడు ఎవరూ ఈ ప్రశ్న వేయలేదే! “ఒక పిల్లని పనికి పెట్టుకోవలసింది” అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ పిల్ల నా తరగతిలోంచే రావాలి. బడి మానిపించిన పిల్ల మోసిన నీళ్ళు తాగి, ఆడపిల్లల చదువు గురించి నేను మాట్లాడాలి. పెద్దవాళ్ళని పెట్టుకుంటే తప్పని నేననను. ఊళ్ళో ఒకామె మాకు బట్టలుతికి పెట్టేది, కూలి తీసుకునేది. కానీ ఆమె కూలి మా చేతి ఖర్చులోంచి ఇచ్చాం, ప్రాజెక్టు ఖర్చులోంచి కాదు. మా సేవ ఆమె రెక్కల మీద నిలబడిందన్న సంగతి ఏ నివేదికలోనూ లేదు.

అందుకే నేను అడిగేవి చాలా మామూలు సంగతులు. దంపతులని పంపితే రెండు ఒప్పందాలు, రెండు ఖాతాలు, రెండు నివేదికలు ఉండాలి. ‘కుటుంబ యజమాని’ గడి కొట్టేయాలి. పల్లెలో బతకడానికి రోజుకి ఎన్ని గంటల పని పడుతుందో ముందే లెక్కగట్టి, ఆ మేరకు ఇద్దరి పనిగంటలూ తగ్గించాలి. బయటివాళ్ళ చేత చేయిస్తే ఆ కూలి సంస్థ బడ్జెట్టులో కనిపించాలి. తిరిగొచ్చి అనుభవాలు రాసే ఆడవాళ్ళకి నా మనవి ఒక్కటే. ‘మేము’ అని రాసిన ప్రతిచోటా ఆగి, క్రియని ఏకవచనంలోకి మార్చి చూడండి. ‘తెచ్చింది’ అన్నది నిజమైతే ‘తెచ్చింది’ అనే రాయండి.