యంత్రానికి సబ్సిడీ సరే, మరమ్మతు మాటేమిటి?

తొలకరి పడి దమ్ము పనులు ముమ్మరమయ్యే రోజుల్లో ట్రాక్టరు చేలోనే ఆగిపోయిందంటే కారణం ప్రతిసారీ ఇంజనే కానక్కరలేదు. ఇంజను శక్తిని వెనుకనున్న రోటవేటరుకు అందించే జాయింటు షాఫ్టులో అరచేతిలో ఇమిడే ఒక ఇనుప ముక్క ఉంటుంది. మెకానిక్కులు దానిని ‘క్రాస్’ అంటారు. అది అరిగితే లక్షలు పోసి కొన్న ట్రాక్టరు గట్టున నిలబడుతుంది, రోటవేటరు బురదలో మిగులుతుంది.

ఇంత చిన్న ముక్క మీద సంపాదకీయమా అని ఎవరైనా అడగవచ్చు. ముక్క చిన్నదే, ప్రశ్న చిన్నది కాదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. నూటికి 86 కమతాలు సన్న, చిన్నకారు రైతులవే. వీరిలో అత్యధికులది కిరాయి సేద్యం. సొంత బండి ఉన్న కొద్దిమందికీ చాలావరకు అది చేతులు మారి వచ్చిన పాత బండే. కాలువ నీరు వంతుకు వచ్చినప్పుడు దమ్ము పడకపోతే నారు ముదురుతుంది. ముదురు నారు నాటితే పిలకలు తగ్గుతాయి. ఆ నష్టాన్ని ఏ బీమా కంపెనీ లెక్కకట్టదు. కౌలు రైతు గతి మరీ అన్యాయం. పంట తగ్గినా కౌలు తగ్గదు.

క్రాస్‌కు నాలుగు చేతులుంటాయి. ఒక్కో చేతికి ఒక్కో టోపీ. టోపీలో సూదుల్లాంటి సన్నని రోలర్లు. పి.టి.ఓ. షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. ఆ భారమంతా సూదుల మీదే పడుతుంది. మెట్ట దుక్కిలో కంటే దమ్ములో వీటికి చేటు ఎక్కువ. సీలు సందుల్లోంచి బురద నీరు లోపలికి చేరి గ్రీజును కడిగేస్తుంది. గట్టు దగ్గర మలుపు తిప్పేటప్పుడు పి.టి.ఓ. ఆపకుండానే రోటవేటరు పైకెత్తితే జాయింటు వంపు పెరిగి అరుగుదల ఇంకా ఎక్కువవుతుంది. ఎకరానికింత అని కూలి తీసుకునే డ్రైవరు ప్రతి మలుపులో ఆపి తిప్పుతాడా? తొందర అతని స్వభావం కాదు, అతని కూలి లెక్కలోనే ఉంది.

అరుగుదలను ముందే పసిగట్టవచ్చు. ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, షాఫ్టును రెండు చేతులా పట్టుకుని పైకీ కిందికీ ఊపాలి, అటూ ఇటూ మెలితిప్పాలి. లొడలొడ ఆడితే, టోపీ చుట్టూ ఎర్రని తుప్పు పొడి కనబడితే దాని పని అయిపోయినట్టే. నాలుగు రోజులు లాగుదామనుకుంటే టోపీ ఊడివస్తుంది, యోకు చెవుల రంధ్రాలు కోలగా సాగుతాయి, ఆ అదురు గేరుబాక్సు దాకా పాకుతుంది. వందల్లో పోయే ఖర్చు వేలకు ఎక్కుతుంది.

మరమ్మతు బ్రహ్మవిద్య కాదు. లాకులు తీసి, యోకును వైసులో బిగించి, ఒకవైపు టోపీని నెడితే రెండోవైపు టోపీ బయటకు వస్తుంది. పాత టోపీ వ్యాసం, క్రాస్ పొడవు వెర్నియరుతో కొలిచి అదే సైజు తేవాలి. కొత్త టోపీల్లో సూదులు పడిపోకుండా గ్రీజు పట్టించాలి. ఒక్క సూది అడ్డంగా పడినా టోపీ పూర్తిగా కూర్చోదు, లాకు గాడిలో పడదు. నడి షాఫ్టుకు రెండు కొసలా ఉండే యోకులు ఒకే వరుసలో ఉండాలి. ఆ వరుస తప్పితే కొత్త క్రాస్ కూడా అదిరి అదిరి చెడుతుంది. ఆ తరువాత పని నడిచినన్నాళ్లూ రోజూ గ్రీజు కొట్టాలి, దమ్ములో మరీ తప్పదు. యోకు రంధ్రాలే సాగి ఉంటే మాత్రం కొత్త క్రాస్ నిలవదు, యోకూ మార్చాల్సిందే.

మరి ఊళ్లలో జరుగుతున్నదేమిటి? టోపీని యోకుకు వెల్డింగు చేసి పంపడం. ఆ వేడికి గట్టి ఇనుము పదును పోతుంది, సూదులు పాడవుతాయి, మళ్లీ విప్పే దారి ఉండదు. అధిక భారం పడితే ముందుగా తెగి మిగతా యంత్రాన్ని కాపాడవలసిన షియరు బోల్టు స్థానంలో తెగని గట్టి బోల్టు బిగించడం ఇంకో తెలివి. అప్పుడు ఆ దెబ్బ తిన్నగా క్రాస్ మీదా గేర్ల మీదా పడుతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం.

దీనికి రైతును, వెల్డింగు షాపు కుర్రవాడిని తప్పుపట్టి చేతులు దులుపుకోవడాన్ని మేము అంగీకరించము. సరైన సైజు క్రాస్ మండలంలో దొరకదు. జిల్లా కేంద్రానికి పోయిరావాలంటే ఒక రోజు గడుస్తుంది, తెచ్చినది సరిపోకపోతే మరో రోజు. నీటి వంతు మాత్రం ఆగదు. ట్రాక్టరు వెనుక పి.టి.ఓ. కొసను ఒక ప్రమాణానికి తెచ్చారు గనుకనే ఏ కంపెనీ పరికరమైనా ఏ కంపెనీ బండికైనా తగిలించగలుగుతున్నాం. సరుకు అమ్ముకోవడానికి అక్కరకొచ్చిన ఆ ప్రమాణం క్రాసుల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు కొరవడింది? ఇన్ని సైజులు, ఇన్ని రకాలు ఎవరి మేలు కోసం?

ఇది డబ్బు నష్టంతో పోయే విషయం కూడా కాదు. తిరిగే షాఫ్టుకు పంచె చెంగో, తువ్వాలో, చీర కొంగో చుట్టుకుంటే చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. జాయింటు మాటిమాటికీ విప్పవలసి వచ్చేచోట షాఫ్టు మీది తొడుగు ఒకసారి ఊడితే మళ్లీ ఎక్కదు. నూర్పిడి యంత్రాల కింద చేతులు పోగొట్టుకున్నవారి గోడు విన్నాకే 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. చట్టం పుట్టి నాలుగు దశాబ్దాలు దాటినా తొడుగు లేని షాఫ్టులు తిరుగుతూనే ఉన్నాయి. వాటి పక్కన నిలబడేది కూలీలే గాని యజమానులు కారు.

ప్రభుత్వాల చూపు ఎటువైపు ఉందో చూడండి. 2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకం కింద కొత్త పరికరాల కొనుగోలుకు 40 నుంచి 50 శాతం వరకు సబ్సిడీ ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో రైతు బృందాల పేరిట ట్రాక్టర్లు పంచారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి, కొన్ని ట్రాక్టరు విడిభాగాలపై 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. తగ్గింపును మేము కాదనము, ఆ మేలు గ్రామంలోని దుకాణం బిల్లులో కనబడాలంటాము. కానీ సబ్సిడీ సొమ్ము రైతు పేరున బయలుదేరి చివరకు చేరేది కంపెనీల ఖాతాకే. అమ్మిన మరునాటి నుంచి ఆ యంత్రం బాగోగులు ఎవరికీ పట్టవు.

బాగుచేసుకునే హక్కు కోసం పోరు ఇక్కడిదే కాదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో రైతులు పట్టుబట్టగా, విడిభాగాలు, పనిముట్లు, మాన్యువళ్లు రైతుకు ఇవ్వాలని 2023లో చట్టం వచ్చింది. మన కేంద్ర ప్రభుత్వం 2022లో మరమ్మతు హక్కుపై కమిటీ వేసి వ్యవసాయ పరికరాలను ముఖ్య రంగాల్లో చేర్చింది, ఒక పోర్టలూ తెరిచింది. పోర్టల్‌తో క్రాస్ బిగుసుకోదు. కంపెనీలను కట్టడిచేసే చట్టం కావాలి.

ఒకప్పుడు ఆగ్రో సర్వీసు కేంద్రాలంటే యంత్రాలు అద్దెకివ్వడం, బాగుచేయడం వాటి విధుల్లో భాగం. నేడు ఆగ్రో బోర్డు పెట్టుకున్న చోట రైతుకు ప్రధానంగా దొరికేది ఎరువుల బస్తా, పురుగుమందు డబ్బా. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అటువంటి చోట నేర్పే విద్య ప్రతి మండలానికీ చేరాలి.

కనుక మా కోర్కెలు స్పష్టం. మండలానికొక ప్రభుత్వ లేక సహకార మరమ్మతు కేంద్రం పెట్టాలి. అందులో వైసు, ప్రెస్సు, వెర్నియరు, అన్ని సైజుల క్రాసులు, యోకులు, షాఫ్టు తొడుగులు ఉండాలి. ధరల పట్టిక గోడమీద వేలాడదీయాలి. యాంత్రీకరణ నిధుల్లో కొంత భాగం పాత యంత్రాల మరమ్మతుకు విధిగా కేటాయించాలి. జాయింటు భాగాల సైజులకు ప్రమాణాలు నిర్ణయించాలి. ఊరి మెకానిక్కులకు భృతితో శిక్షణ ఇవ్వాలి.

ప్రభుత్వం కదిలేదాకా రైతు సంఘాలు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. తొలకరికి ముందే ఊరిలోని షాఫ్టులన్నీ ఒకచోట చేర్చి పరీక్షించవచ్చు. క్రాసుల సైజులు రాసుకుని ఉమ్మడిగా నాలుగు జతలు తెచ్చి ఉంచుకోవచ్చు. గ్రీజు గన్ను ఊరుమ్మడిగా పెట్టుకోవచ్చు. కిరాయి బండి చేలో దిగే ముందు తొడుగు ఉందా అని కూలీలు నిలదీయవచ్చు. యంత్రం కొనిపెట్టానని చెప్పుకునే ప్రభుత్వం దానిని నడిపించే బాధ్యత కూడా తీసుకునేలా చేయవలసింది సంఘటిత రైతాంగమే.