వల కన్ను పెద్దదైతే చేప జారిపోతుంది!

రాకెట్ లేచే రోజు సూళ్లూరుపేటలో మేడలన్నీ నిండిపోతాయి. ముందు వెలుగు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది. చంద్రయాన్-3ని 2023 జులై 14న మోసుకెళ్లిన ఎల్‌వీఎం-3 రాకెట్టే తీసుకోండి. దానికి రెండు పక్కలా ఉండే ఎస్-200 బూస్టర్లు ఒక్కొక్కటీ పాతిక మీటర్ల పొడవు, 3.2 మీటర్ల వ్యాసం. ఒక్కోదాంట్లో 200 టన్నులకు పైగా ఘన ఇంధనం. ఆ ఇంధనాన్ని పోత పోసేది పక్కనున్న శ్రీహరికోటలోనే. 2010 జనవరి 24న దాన్ని మొదటిసారి నేల మీదే మండించి పరీక్షించిందీ అక్కడే.

ఇంత పెద్దదాన్ని కట్టి, విరిగిందో లేదో చూసి, మళ్లీ కట్టడం కుదిరే పని కాదు. అందుకే ఇలాంటి వాటిని ముందు కంప్యూటర్లో లాగి, వంచి, వేడిచేసి చూస్తారు. ఆ పద్ధతి పేరు ఫైనైట్ ఎలిమెంట్ ఎనాలిసిస్. వస్తువును చిన్న చిన్న ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్క మీద లెక్క చేసి, అన్నీ కలిపి చూడటమే దీని కిటుకు. 1960లో రే క్లఫ్ అనే అమెరికన్ ప్రొఫెసర్ దీనికి ఆ పేరు పెట్టారు. మన ఇస్రోకి ఇందుకోసం తిరువనంతపురంలో సొంతంగా రాసుకున్న ఫీస్ట్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది.

ఇప్పుడు ఇదే పని మీ ఇంట్లో లాప్‌టాప్ మీద, పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. బొమ్మ గీయడానికి ఫ్రీక్యాడ్, ముక్కలు చేయడానికి జీమెష్, లెక్క కట్టడానికి కాలిక్యులిక్స్. మూడూ ఓపెన్ సోర్సే. జీమెష్‌ని బెల్జియం యూనివర్సిటీల్లో పనిచేసే ఇద్దరు ప్రొఫెసర్లు మొదలుపెట్టారు. కాలిక్యులిక్స్‌ని జర్మనీలో విమాన ఇంజిన్లు తయారుచేసే కంపెనీ ఉద్యోగులిద్దరు రాశారు. ఫ్రీక్యాడ్‌లోని ఫెమ్ విభాగంలో ఈ రెండింటినీ అక్కడి నుంచే నడిపించుకోవచ్చు.

అయితే అసలు చిక్కు ఇక్కడే ఉంది. ముక్కలు సరిగ్గా చేసినా చేయకపోయినా, ఎర్రగా నీలంగా అందమైన బొమ్మ మాత్రం వచ్చేస్తుంది! ఆ బొమ్మ చూసి ప్రాజెక్ట్ రిపోర్టులో అతికించేసే పిల్లలు చాలామంది.

పులికాట్‌లో వల వేసేవాళ్లని అడగండి. కన్ను పెద్దదైతే సన్న చేప జారిపోతుంది. వల ఖాళీగా వచ్చింది కాబట్టి నీళ్లలో చేపే లేదంటే ఎవరైనా ఒప్పుకుంటారా? మెష్ కూడా అంతే. ముక్క పెద్దదైతే, చిల్లు అంచునా మలుపు దగ్గరా గుమిగూడే స్ట్రెస్ లెక్కలోంచి జారిపోతుంది.

ఇది కాగితం మీద భయం కాదు. 1991 ఆగస్టు 23న నార్వే తీరంలో స్లైప్నర్-ఎ అనే చమురు వేదిక కింది కాంక్రీటు కట్టడాన్ని నీళ్లలోకి దించుతుండగా గోడ పగిలి, మొత్తం మునిగిపోయింది. నష్టం దాదాపు 70 కోట్ల డాలర్లు. విచారణలో తేలిందేమిటంటే, గోడలు కలిసే చోట మెష్ మోటుగా ఉండటంతో అక్కడి కోత స్ట్రెస్ 47 శాతం తక్కువగా లెక్కకొచ్చింది. దాంతో గోడ మందం చాల్లేదు. తర్వాత సన్నటి మెష్‌తో లెక్క కడితే 62 మీటర్ల లోతులో పగలాలని తేలింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. అంటే లెక్క పద్ధతి మంచిదే, వల కన్నే పెద్దది.

మరి ఏం చేయాలి?

మొదట బొమ్మని శుభ్రం చేయండి. చెక్కిన అక్షరాలూ, బలానికి సంబంధం లేని చిన్న చిన్న గుంటలూ తీసేయండి. లేకపోతే మెషర్ వాటి చుట్టూ వేల ముక్కలు పేరుస్తుంది.

రెండు, అంతటా సన్నగా చేయకండి. ఘనాకారంలో ముక్క కొలత సగం చేస్తే ముక్కల సంఖ్య సుమారు 8 రెట్లవుతుంది. లాప్‌టాప్ చేతులెత్తేస్తుంది. చిల్లులూ, మలుపులూ, బరువు పడే చోట్లూ ఇవి సన్నగా, మిగతాది మోటుగా ఉంటే చాలు.

మూడు, నాలుగు మూలల ముక్కలు వాడితే రెండో తరగతివి ఎంచుకోండి. మొదటి తరగతివి ఉన్నదానికన్నా గట్టిగా ప్రవర్తించి, వంపుని తక్కువ చూపిస్తాయి.

నాలుగు, సూదుల్లా సాగిన ముక్కలున్నాయేమో చూడండి. జీమెష్‌లో ముక్కల నాణ్యతని చూపించే సదుపాయమూ, సరిదిద్దే సదుపాయమూ రెండూ ఉన్నాయి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది: ముక్క కొలత సగం చేసి మళ్లీ లెక్కించండి. జవాబు పెద్దగా మారకపోతే నమ్మొచ్చు. మారితే ఇంకా తగ్గించండి. ఎంత తగ్గించినా పెరుగుతూనే ఉంటే? అక్కడ లోపలికి తిరిగిన పదునైన మూల ఉండొచ్చు. అలాంటి మూలలో లెక్క ప్రకారం స్ట్రెస్‌కి అంతే ఉండదు. నిజం వస్తువుకి అక్కడ కొంచెం గుండ్రదనం ఉంటుంది, మీరూ బొమ్మలో అది ఇవ్వండి.

చేయి తిరగడానికి ఓ చిన్న పరీక్ష. 100 మిల్లీమీటర్ల వెడల్పు, 200 పొడవు ఉన్న పలుచటి రేకు మధ్యలో 10 మిల్లీమీటర్ల చిల్లు పెట్టండి. పొడవుగా 100 మెగాపాస్కల్స్‌తో లాగండి. చిల్లుకి అటూ ఇటూ, లాగే దిశకి అడ్డంగా ఉన్న అంచుల్లో 300కి కాస్త పైన రావాలి. జర్మన్ ఇంజినీర్ కిర్ష్ 1898లోనే, కంప్యూటర్ లేకుండా, చాలా పెద్ద రేకుకి ఇది మూడు రెట్లని తేల్చేశాడు. ముక్కలు మోటుగా పెట్టి చూడండి, ఎంత తక్కువ చూపిస్తుందో మీకే తెలుస్తుంది.

ఈ ఏడాది ప్రాజెక్ట్ రిపోర్టులో రంగుల బొమ్మ కింద ఓ చిన్న పట్టిక పెట్టండి: ముక్క కొలత, ముక్కల సంఖ్య, గరిష్ఠ స్ట్రెస్. మూడు వరుసలు చాలు. వైవాలో మొదటి ప్రశ్నకి జవాబు అందులోనే ఉంటుంది. రేపు ఉద్యోగంలో మీ లెక్క మీద ఎవరో ఒకరు నిలబడాల్సి వచ్చినప్పుడు, ఆ అలవాటే వాళ్లని కాపాడుతుంది.