వార్త రాసేవారికీ బడి కావాలి

హాస్టల్ పేరు పేపర్లో ఎప్పుడు వస్తుందో మనకు తెలియనిది కాదు. అన్నంలో పురుగులు వచ్చినప్పుడు, పిల్లలు వాంతులతో ఆసుపత్రి పాలైనప్పుడు, అధికారి ఆకస్మిక తనిఖీకి దిగినప్పుడు. ఆ రోజు విలేకర్లు వస్తారు, ఫొటోలు తీస్తారు. వార్డెన్‌ను సస్పెండ్ చేస్తారు. వారం తిరిగేసరికి అందరూ మరచిపోతారు. మిగతా రోజుల్లో ఇక్కడ ఏం తింటున్నామో, ఏం చదువుతున్నామో రాసేవారుండరు. దీనికి విలేకర్లను తిట్టి ఊరుకుంటే లాభం లేదు. చదువుల గురించి రాయడం వారికి ఎవరు నేర్పారు అని అడగాలన్నది మా అభిప్రాయం.

మండల విలేకరి పరిస్థితి చూడండి. చాలామందికి నెల జీతం లేదు. అచ్చయిన వార్త కొలతను బట్టి లైన్ అకౌంట్ వస్తుంది. పైగా యాడ్స్ తేవాలి. ఆ యాడ్స్ ఇచ్చేవారిలో ప్రైవేటు స్కూళ్లు, కాలేజీలు ముందుంటాయి. పొద్దున పోలీస్ స్టేషన్, మధ్యాహ్నం మార్కెట్ యార్డు, సాయంత్రం నాయకుల ప్రెస్‌మీట్. మధ్యలో ఎప్పుడో బడి.

పేపర్లలో చదువుకు పేజీలు లేవని కాదు. 'ఈనాడు' ప్రతిభ, 'సాక్షి' విద్య పేజీలను కత్తిరించి దాచుకుని చదివినవాళ్లం మనం. ఆ మేలు మరువలేనిది. కానీ అవి పరీక్ష రాసేవారి కోసం. బడి ఎలా నడుస్తోందో అవి చెప్పవు. బిట్లు వేరు, వార్త వేరు.

తెలిసి రాస్తే ఎంత తేడా ఉంటుందో ఒక ఉదాహరణ. 2024లో తెలంగాణ ప్రభుత్వం మెస్ చార్జీలను 40 శాతం పెంచింది. 3 నుంచి 7 తరగతుల వారికి నెలకు 950 రూపాయలు 1330 అయింది. ఇంటర్ నుంచి పీజీ వరకు 1500 కాస్తా 2100 అయింది. '40 శాతం పెంపు' అని హెడ్డింగ్ పెట్టడం తేలిక. కానీ 1330ని 30తో భాగిస్తే రోజుకు 44 రూపాయల పైచిలుకు. దాని పక్కన కందిపప్పు, నూనె, గుడ్డు ధరలు వేసి చూపాలి. పాత రేటు ఎన్నేళ్లు కదలకుండా ఉందో అడగాలి. అప్పుడే అది వార్త. ఈ లెక్కకు ఐదో తరగతి గణితం చాలు, అడగాలన్న ఆలోచనే రావాలి.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు గుర్తున్నాయా? తెలుగులో 99 మార్కులు వచ్చిన అమ్మాయికి సున్నా వేశారు. ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. జవాబు పత్రం నుంచి మెమో దాకా మార్కు ఏ దారిన వెళుతుందో తెలిసిన విలేకరికే తప్పు ఎక్కడ జరిగిందో వెతకడం సాధ్యం. ఆత్మహత్యల వార్తలు ఎలా రాయాలో ప్రెస్ కౌన్సిల్ అదే ఏడాది మార్గదర్శకాలిచ్చింది. సంచలనం చేయవద్దని, చనిపోయిన పద్ధతిని వర్ణించవద్దని చెప్పింది. అవి ఎంతమంది మండల విలేకర్ల చేతికి తెలుగులో అందాయి?

శిక్షణలో మూడు విషయాలుండాలని మేము కోరుతున్నాం. మొదటిది లెక్కలు. 'అసర్' సర్వే పల్లెల్లో ఇళ్లకు వెళ్లి పిల్లల చేత చదివిస్తుంది. జాతీయ సాధన సర్వే బడిలోనే పరీక్ష పెడుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. అందులో మరుగుదొడ్లు, గదులు, టీచర్ల వివరాలుంటాయి. కానీ అవి బడివారు నింపినవే. కాగితం మీదున్న మరుగుదొడ్డికి తలుపుందో లేదో వెళ్లి చూడాలి.

రెండోది చట్టాలు. 2005 సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. 2009 విద్యాహక్కు చట్టంలో ఎంతమంది పిల్లలకు ఎందరు టీచర్లో స్పష్టంగా ఉంది. పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం బాధిత పిల్లల వివరాలు బయటపెట్టడం నేరం.

మూడోది పిల్లలతో మాట్లాడే తీరు. వార్డెన్ ముందు నిలబెట్టి 'అన్నం బాగుందా బాబూ' అంటే ఏం చెబుతారు? పేరుతో, ఫొటోతో నిజం అచ్చు వేసి విలేకరి బండెక్కి వెళ్లిపోతాడు. ఆ రాత్రి అదే హాస్టల్లో పడుకోవాల్సింది ఆ పిల్లవాడే.

అమెరికాలో విద్యా విలేకర్లు 1947లోనే సంఘం పెట్టుకున్నారు. మనకు ఉస్మానియాలో 1954 నుంచి జర్నలిజం శాఖ ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ మీడియా అకాడమీలున్నాయి. జిల్లా కేంద్రాల్లో, తెలుగులో, దారి ఖర్చులిచ్చి ఈ తరగతులు పెట్టలేరా?

యాడ్ ఇచ్చేవాడి చెయ్యి శిక్షణతో తెగుతుందా అని కొందరు మిత్రులు అడిగారు. తెగదు, నిజమే. కానీ తెలిసీ రాయకపోవడం వేరు, తెలియక రాయలేకపోవడం వేరు. రెండోదానికి మందుంది.

ఇంకో మాట. రాసే కుర్చీలో ఎవరున్నారు? 1996లో బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో దళిత పాత్రికేయుడి కోసం వెతికితే ఒక్కరూ దొరకలేదు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి మీడియా సంస్థల్లో 121 ఉన్నత స్థానాలను పరిశీలిస్తే 106 అగ్రవర్ణాల వారివే. ఎస్సీ, ఎస్టీలకు ఒక్కటీ లేదు. 1920లోనే బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' ఎందుకు పెట్టారో ఇప్పటికీ అర్థమవుతూనే ఉంది.

కనుక సోదరులారా, సోదరీమణులారా, గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే మనలో కొందరైనా జర్నలిజం వైపు చూడాలి. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు వారికి ఫీజులో, పుస్తకాల్లో చేయూతనివ్వాలి. మంజూరైన సీట్లు, ఖాళీ పోస్టులు, వారం మెనూ, చార్జీలు ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డుకు అంటించమని అడుగుదాం. ఏ గొడవా లేని రోజున మన మండల విలేకర్లను పిలిచి, కూర్చోబెట్టి, మన పళ్లెంలో అన్నమే పెట్టి మాట్లాడుదాం. హాస్టల్ గురించి వారికి పాఠం చెప్పగలిగినవారు మనకంటే ఎవరున్నారు?